మైనస్ ఇరవైలో ఒప్పందం

నిడదవోలు జంక్షన్‌లో చంద్రరావు రైలు దిగాడు. ప్లాట్‌ఫామ్ మీద నాలుగడుగులు వేసి, టీ స్టాల్ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు పోస్టుమార్టంలో గాని బయటపడలేదు.

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో అతను చలిగదుల్ని చల్లబరిచే అమోనియా గ్యాసు లైను ఆపరేటర్. చనిపోయేముందు రైల్లోంచి పోలీసు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. రికార్డింగులో దొరికింది ఒక్క ముక్క: "గురువారం అమోనియా వదుల్తారండి... దొరగారూ, ఆ దొరసానీ ఒకే గదిలో ఉంటారు..."

ఆ రికార్డింగు మర్నాడు రాజమండ్రిలో, గోదావరి గట్టు మీదున్న పాత ఇంజనీర్ల గెస్ట్‌హౌస్‌లో మళ్ళీ వినిపించింది. వినిపించింది శ్యామలాంబ. దేశంలో ఆమె ఉద్యోగం ఏమిటో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. విన్నవాడు ఏజెంట్ జోగేశ్వరరావు. ద్రాక్షారామం మనిషి. ఈ పనికి అతన్ని ఎంచుకోవడానికి సగం కారణం అతని యాస.

"అమెరికాకీ యూరప్‌కీ మధ్య టారిఫ్‌ల గొడవ తెలుసుగా?"

"మా మేనమామ రొయ్యల చెరువులు చేస్తారు మేడం. టారిఫ్‌ల మీద నాకు రోజూ బ్రీఫింగ్ ఇస్తారు."

శ్యామలాంబ నవ్వలేదు.

"ఆ గొడవల మధ్యే ఓ చిన్న ఒప్పందం కుదిరింది. బయటి దేశాల ఫ్రోజెన్ సరుక్కి ఇకమీదట ఇద్దరికీ కలిపి ఒకటే తనిఖీ. ప్రతి కంటైనర్ సమాచారం రెండు వైపులా ఒకేసారి కనబడుతుంది. ఎక్కడ తెరిచారు, ఎక్కడ ఆగింది, లోపల ఎంత చలి ఉంది, అన్నీ. మొదటి ట్రయల్ మన డెల్టా రొయ్యల మీద. సంతకాలు గురువారం, చంద్రరావు పనిచేసిన ప్లాంటులోనే."

"దీనివల్ల నష్టం ఎవరికండి?"

"కోబాల్ట్ ముఠాకి. ఫ్రోజెన్ కంటైనర్లలో డ్రోన్ విడిభాగాలు దాచి, ఆంక్షలున్న చోట్లకి చేరవేస్తారు. అమెరికా రేవులో కనబడింది యూరప్ రేవుకి తెలియదు. ఆ సందులోనే వాళ్ళు బతుకుతున్నారు. సంతకాలకి వచ్చే అమెరికా, యూరప్ ప్రతినిధులిద్దరూ ఇక్కడ చనిపోతే ఆ రెండు వైపులవాళ్ళూ ఒకరినొకరు అనుమానిస్తారు. ఇద్దరూ కలిసి మనల్ని తిడతారు. మన రొయ్య కొనేవాడుండడు."

"ప్రోగ్రాం ఆపించేస్తే?"

"ఆపితే కోబాల్ట్ గెలిచినట్టే. పైగా మన చేతిలో ఈ ఫోన్ కాల్ తప్ప ఏమీ లేదు. నిన్న ఒక టీమ్ వెళ్ళి అమోనియా లైనంతా చూసింది. శుభ్రంగా ఉంది." ఆమె ఒక ఫోటో ముందుకు తోసింది. పట్టుచీర, చెవులకి పచ్చల కమ్మలు, చూసినవాడు చూపు తిప్పుకోలేని మొహం. "దేవిశ్రీ. ఆ ప్లాంటు ఎక్స్‌పోర్ట్ మేనేజర్. కోబాల్ట్ జీతం ఇస్తుంది. మనమూ ఇస్తున్నాం."

"నమ్మొచ్చా అండి?"

"అది తేల్చుకోవాల్సింది నువ్వే."

*

గురువారం ఉదయం జోగేశ్వరరావు ఆడిటర్ వేషంలో ప్లాంటులోకి అడుగుపెట్టాడు. నిజానికి వేషం పెద్దగా అక్కర్లేకపోయింది. తెల్లకోటు, తలకి టోపీ, మూతికి మాస్కు, కాళ్ళకి గమ్‌బూట్లు వేశాక లోపల అందరూ ఒక్కలాగే ఉన్నారు. రొయ్యలు ఒలిచే హాల్లో రెండొందల మంది ఆడవాళ్ళు వరసలుగా నిలబడి పనిచేస్తున్నారు. వాళ్ళ తలల మీదుగా అమోనియా పైపు పాకుతూ పై అంతస్తు మీటింగ్ హాలు వైపు వెళ్తోంది.

తెల్లకోటులో కూడా అందంగా కనబడే మనిషి ఒకామె ఎదురొచ్చింది.

"పులస దొరుకుతుందాండీ ఇక్కడ?" అన్నాడు.

"మాకు చెరువు చేపే గతండి," అంది దేవిశ్రీ. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించింది. "చంద్రరావు గారు చూసింది నేనూ చూశాను. కోల్డ్ స్టోర్ వెనక గోడలో ఉంది. రండి."

దారిలో ఒక మనిషి వాళ్ళకి పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టాడు. సేఫ్టీ ఆఫీసర్ శివరామకృష్ణ. చాలా మర్యాదస్తుడు.

కోల్డ్ స్టోర్‌లో నేల నుంచి కప్పు దాకా రొయ్యల డబ్బాలు. మైనస్ ఇరవై. పీల్చిన గాలి ముక్కులో గడ్డకట్టినట్టయింది. జోగేశ్వరరావు వెనక గోడ దాకా నడిచాడు. గోడ నున్నగా ఉంది. పైపూ లేదు, వైరూ లేదు.

వెనక తలుపు మూసుకుంది. బయట బోల్టు దిగిన చప్పుడు, ఆ తర్వాత ఫ్యాన్ల హోరు.

అతను వెనక్కి తిరిగేసరికి దేవిశ్రీ తలుపుని రెండు చేతులతో బాదుతోంది.

"శివరామకృష్ణ గారూ! నేనింకా లోపలే ఉన్నానండీ!"

లోపల్నుంచి తెరిచే పుష్ రాడ్ ఉండాల్సిన చోట ఖాళీ బొక్క ఉంది. అలారం స్విచ్ నొక్కాడు. వైరు తెగి వేలాడుతోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన పెన్ తీశాడు. ఇనుముని కూడా కోస్తుందని చెప్పి మరీ ఇచ్చారు. అది ఒకసారి ఎర్రగా వెలిగి ఆరిపోయింది. చలికి బ్యాటరీ చచ్చింది.

"నన్ను లోపలికి తీసుకురమ్మన్నారు కదూ?" అన్నాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. "అవునండి. మిమ్మల్ని లోపల వదిలేసి రమ్మన్నారు. నన్ను కూడా మూసేస్తారని చెప్పలేదు."

"పైన ఏం జరగబోతోంది?"

"చిన్న లీకేనండి. సైరన్ మోగుతుంది, అందరూ బయటికి పరుగెడతారు, సంతకాలు వాయిదా పడతాయి. అంతే."

"చంద్రరావు?"

"గుండెపోటు అన్నారు."

"మెడలో సూది గుచ్చి చంపారండి. చిన్న లీకు కోసం మనిషిని చంపుతారా?"

దేవిశ్రీ డబ్బాల వరస పక్కన నేల మీద కూర్చుండిపోయింది. కంటి రెప్పల మీద తడి అప్పటికే మంచుగా మారుతోంది. "ఆయన మా వీధేనండి. వాళ్ళావిడ శ్రీదుర్గ పిన్ని కొత్తావకాయ పెట్టగానే మాకో జాడీ పంపుతుంది. మొన్న శవం దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చాను."

జోగేశ్వరరావుకి ఆమె మీద కోపం రావాలి. కాని పళ్ళు టకటక కొట్టుకుంటుంటే కోపం నిలబడటం లేదు. వేళ్ళు అతనివి కానట్టు మొద్దుబారిపోయాయి. గోడలు ముందుకి జరుగుతున్నాయనిపించింది. చిన్నప్పుడు ధాన్యం గాదెలో ఇరుక్కుని అరిచిన అరుపు ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. హాల్లో రెండొందల మంది ఉన్నారు. వాళ్ళ తలల మీద పైపు ఉంది.

"లేవండి. కూర్చుంటే నిద్రొస్తుంది. నిద్రొస్తే ఇక లేవం. ఈ గదిలోంచి బయటికి వెళ్ళేది ఏదైనా ఉందా? ఆలోచించండి. వైరు, గొట్టం, ఏదైనా."

ఆమె తలుపు వైపు చూసింది, కప్పు వైపు చూసింది. అక్కడే ఆగిపోయింది.

"సెన్సర్ ఉందండి. ఆ పైన ర్యాక్ చివర. కొత్త ఒప్పందం కోసం మొన్నే బిగించారు. ఈ గది టెంపరేచర్ అమెరికాలోనూ యూరప్‌లోనూ కనబడుతుంది." గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "మీటింగ్ హాల్లో పెద్ద స్క్రీన్ మీద కూడా కనబడుతుందండి! డెమో కోసం పెట్టారు."

ఆమె అతని భుజాల మీదికెక్కింది. ఒక మాటు జారింది. రెండోసారి అతను ర్యాక్‌కి వీపు ఆనించి నిలబడ్డాడు. ఈ మనిషి చేతుల్లో మరోసారి మోసపోవచ్చని అతనికి తెలుసు. వేరే దారి లేదని కూడా తెలుసు. ఆమె తీగ తెగకుండా సెన్సర్‌ని కిందికి లాగింది. అది పెన్సిల్ ముక్కంత ఉంది.

"చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయండి. పట్టుకున్నా ఇది వేడెక్కదు."

"నోట్లో పెట్టుకోండి."

ఆమె అతని వైపు ఒకసారి చూసి, థర్మామీటర్ పెట్టుకున్నట్టు నాలుక కింద పెట్టుకుంది.

*

పై అంతస్తులో జరిగింది జోగేశ్వరరావుకి తర్వాత తెలిసింది.

అమెరికా ప్రతినిధి హార్పర్, యూరప్ ప్రతినిధి ఎల్కే ఫోస్ ఏడాదిగా ఏ విషయంలోనూ ఏకీభవించినవాళ్ళు కాదు. పెన్నులు తీశారు. స్క్రీన్ మీద మైనస్ ఇరవై కాస్తా సున్నాకి వచ్చింది. తర్వాత పది, ఇరవై, ముప్ఫై.

"మీ సెన్సర్ పాడైంది," అన్నాడు హార్పర్.

"సెన్సర్ బాగానే ఉంది. మీ సాఫ్ట్‌వేర్ పాడైంది," అంది ఫోస్.

శివరామకృష్ణ చేతులు కట్టుకుని వినయంగా వంగాడు. చిన్న లోపం అని, ముందు సంతకాలు కానిస్తే తర్వాత చూపిస్తానని ఇంగ్లీషులో చెప్పాడు.

ఫోస్ పెన్ను మూత పెట్టింది. "కళ్ళతో చూడకుండా నేను సంతకం పెట్టను."

హార్పర్ ఆమె వైపు చూశాడు, స్క్రీన్ వైపు చూశాడు. అదిప్పుడు ముప్ఫై ఆరు చూపిస్తోంది. "ఫ్రీజర్‌కి జ్వరం రాదు కదా," అన్నాడు. "నేనూ పెట్టను. పదండి."

ఏడాదిలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

*

ప్రతినిధులూ శివరామకృష్ణా చూస్తుండగా బోల్టు తీసింది రామతులసి అనే ప్యాకింగ్ సూపర్‌వైజర్. తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగలోంచి ఇద్దరు మనుషులు ఆమె మీదికి తూలిపడ్డారు.

"ఆయ్, ఏంటండీ ఇది! దేవిశ్రీ మేడం!"

"హాలు ఖాళీ చేయించండి! అందర్నీ గేటు బయటికి పంపండి! అమోనియా!" అన్నాడు జోగేశ్వరరావు. నాలుక మొద్దుబారి ఆ మాట సరిగా పలకలేదు. కాని ఆ ప్లాంటులో ఆ ఒక్క మాట ఎలా పలికినా అందరికీ అర్థమవుతుంది. రామతులసి కేకకి హాలు హాలంతా కదిలింది. ఫోస్, హార్పర్ కూడా ఆ జనంలో పడి గేటు వైపు పరుగెత్తారు.

శివరామకృష్ణ మాత్రం కంప్రెసర్ రూమ్ వైపు పరుగెత్తాడు.

జోగేశ్వరరావు గమ్‌బూట్లతో వెంటపడ్డాడు. కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. గది చేరేసరికి మెయిన్ లైన్ మీద అరచేయంత పెట్టె ఒకటి కనబడింది. ఆ ఉదయమే బిగించినట్టుంది. శివరామకృష్ణ దాన్ని అప్పుడే ఆన్ చేసినట్టున్నాడు, ఎర్ర అంకెలు గబగబా దిగుతున్నాయి. రివాల్వర్ తీశాడు. వేలు ట్రిగ్గర్ మీద వంగలేదు.

శివరామకృష్ణ ఈసారి మర్యాద చూపించలేదు. స్పానర్‌తో ముంజేతి మీద కొట్టాడు. రివాల్వర్ కంప్రెసర్ కిందికి జారిపోయింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. జోగేశ్వరరావు మోకాళ్ళ మీద పడి, పాక్కుంటూ వాల్వ్ చక్రం అందుకున్నాడు. పెట్టెకి ముందున్న వాల్వ్ అది. అది మూస్తే పైపు పేలినా ట్యాంకులో అమోనియా కదలదు. వేళ్ళు పట్టు దొరక్క మోచేతులు చువ్వల మధ్య దూర్చి, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. చక్రం పావు వంతు కదిలింది. అంకెలు ఒంటి అంకెలోకి దిగాయి. తల మీదికి స్పానర్ లేచింది.

ధబ్ మని చప్పుడైంది. పడింది మాత్రం శివరామకృష్ణ. వెనక దేవిశ్రీ నిలబడి ఉంది. చేతుల్లో గడ్డకట్టిన రెండు కిలోల రొయ్యల బ్లాకు, ఎగుమతి రకం.

ఆమె ఆ బ్లాకుని కింద పడేసి చక్రానికి అటువైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు. చక్రం చివరిదాకా బిగిసింది. అదే క్షణంలో పెట్టె పేలి పైపు చీలింది. పైపులో మిగిలిన కాస్త అమోనియా బుస్సుమని వచ్చింది. శివరామకృష్ణని చెరో కాలూ పట్టుకుని ఈడ్చుకుంటూ, దగ్గుకుంటూ, మండే కళ్ళతో బయటికొచ్చి పడ్డారు. గేటు బయట రెండొందల మందీ ఎండలో నిలబడి ఉన్నారు. ఆ ఎండ అంత బాగుంటుందని జోగేశ్వరరావుకి అంతకుముందు తెలియదు.

మధ్యాహ్నం పోలీసు జీపు ఎక్కేముందు దేవిశ్రీ ఆగింది.

"ఏం శిక్ష పడినా పడనివ్వండి. ముందు శ్రీదుర్గ పిన్ని దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన ఎలా పోయారో, నేనేం చేశానో నా నోటితోనే చెప్పాలి."

జోగేశ్వరరావు ఇన్‌స్పెక్టర్‌కి తల ఊపాడు. జీపు ఆ వీధి వైపే తిరిగింది.

సాయంత్రం శ్యామలాంబ ఫోన్ చేసింది.

"సంతకాలు అయ్యాయా?"

"గేటు బయట, లారీ బానెట్ మీద పెట్టారు మేడం. ఎవరి పేరు ముందుండాలని అరగంట కొట్టుకున్నాక."

"శివరామకృష్ణ?"

"స్పృహ వచ్చిందండి. కోబాల్ట్ పేర్లు ఒక్కొక్కటే చెప్తున్నాడు. కాని ఆ రొయ్యల బ్లాకు ఎవిడెన్స్ కదండీ, కరిగిపోతోంది. ఏం చేయమంటారు?"

"అదీ అడగాలా? అక్కడే కోల్డ్ స్టోర్ ఉందిగా. లోపల పెట్టేసి రా."

జోగేశ్వరరావు దుప్పటి కప్పుకుని, మూడో గ్లాసు టీ చేతిలో పట్టుకుని, ఆ తెల్లటి తలుపు వైపు చూశాడు.

"కానిస్టేబుల్‌ని పంపిస్తానండి," అన్నాడు. "తలుపు దగ్గర నేను నిలబడతాను. బయటి వైపు."