సరంగు చూడని రాయి

సరంగు శవం లాంచీ చుక్కాని గదిలో ఉంది. నుదురు ఇనుప అంచుకు తగిలింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ఉదయం 7:52. పొగమంచు. నీళ్లు బాగా తగ్గిన రోజు. లాంచీ ముక్కు నీటిలోని రాయి మీదికెక్కి పక్కకు ఒరిగింది. ప్రయాణికులు నలభై ముగ్గురూ బతికారు. ముప్ఫై ఒక్కేళ్లు లాంచీ నడిపిన మనిషి ఒక్కడే పోయాడు.

మధ్యాహ్నం 12:50కి కంపెనీ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. రిటైర్మెంట్‌కు ఏడాది ఉంది. డిపార్టుమెంటులో ఆమెను చాటుగా 'సూది' అంటారు. గుచ్చినప్పుడు తెలియదట, నొప్పి మూడు రోజులుంటుందట.

మేనేజర్ రిపోర్ట్ చేతికిచ్చాడు. మనిషి పోయిన మూడు గంటలకే టైపయింది. టికెట్ కౌంటర్లో ఇంత చురుకు ఎప్పుడూ కనబడదు.

రిపోర్టులో తప్పంతా సరంగుదే. లాంచీ కంప్యూటర్లో ఉన్నది వెక్టర్ చార్టు. జూమ్ తగ్గిస్తే చిన్న రాళ్లు అందులో కనబడవు. అది దాని పద్ధతి. దారి కొత్తది, మొదలై పన్నెండు రోజులే అయింది. సరంగు జూమ్ పెంచి చూసుకోవలసింది. చూసుకోలేదు.

కిటికీ పక్కన సరంగు కూతురు నిలబడి ఉంది. పొద్దున్నుంచి ఏడవలేదు.

"మా ఆయన రెండో లాంచీ సరంగు, మేడమ్. ఒంటిగంటంపావుకి అవతలి ఒడ్డున బయలుదేరతారు. ఆ రాయిని చుట్టి రమ్మన్నారట. తప్పు నాన్నదైతే సరే. చార్టుదైతే? ఆయన కూడా అదే చార్టు చూస్తూ వస్తారు."

"మీ నాన్నగారు ఏ చార్టు చూసేవారు?"

"కాగితంలా ఉండేదే. కొత్తది నచ్చేది కాదు."

ఇన్‌స్పెక్టర్ చార్టు మాస్టారి వైపు తిరిగింది. రెండు లాంచీల్లోనూ చార్టులు ఎక్కించేది ఆయనే. ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు పెన్నులు.

"కాగితంలా ఉండేదంటే?"

"రాస్టర్. నెల క్రితమే తీసేశాను."

"ప్రమాదం తర్వాత లాంచీ ఎక్కారా?"

"ఎనిమిదిన్నరకి. డేటా కాపాడదామని."

ఆ రెంటికీ తేడా ఏమిటని ఆమె అడిగింది. మాస్టారు పాఠం చెప్పినట్టు చెప్పాడు. రాస్టర్ అంటే కాగితపు చార్టును స్కాన్ చేసిన బొమ్మ. జూమ్ చేస్తే ఉన్నదే పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. ఏదీ పోదు. వెక్టర్ బొమ్మ కాదు, వివరాల జాబితా. కంప్యూటర్ దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా గీస్తుంది. కొన్ని చూపిస్తుంది, కొన్ని దాస్తుంది.

మిగిలిన సాక్ష్యం ఒక్కటే. తలుపు దగ్గరున్న ఇంజిన్ మెకానిక్‌కు ఒక అలవాటుంది. దేన్నయినా ముట్టుకునే ముందు ఫొటో తీస్తాడు, తర్వాత మాట రాకుండా. 7:55కి చుక్కాని గది స్క్రీన్‌ను కూడా తీశాడు. అందులో రాయి లేదు. జూమ్ తగ్గించి ఉందనడానికి ఇదే రుజువని మేనేజర్ దాన్ని రిపోర్టుకు జోడించాడు.

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు పెట్టుకుని మెకానిక్ ఫోన్ అందుకుంది. ఒక పేరు చదవబోయింది. అక్షరాలు అందలేదు. ఫోన్ తలకిందులు చేసి చదివింది. మళ్లీ సరిచేసింది. మళ్లీ తిప్పింది.

"లాంచీ ఎటు పోతోంది?"

"దక్షిణానికి," అన్నాడు మెకానిక్.

"మరి స్క్రీన్లో ముక్కు కిందికి కాక పైకి ఉందేం?"

"సరంగు గారు అలాగే పెట్టుకుంటారు, మేడమ్. మనం పోయేవైపు పైకుండాలంటారు."

మేనేజర్ బల్ల మీది కంప్యూటర్లో వెక్టర్ చార్టు ఉంది. దాన్ని దక్షిణం పైకి వచ్చేలా తిప్పమంది. మేనేజర్ తిప్పాడు. తీరం తిరిగింది. లోతు అంకెలు, పేర్లు మాత్రం నిటారుగానే నిలబడ్డాయి.

అప్పుడు ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

"కంప్యూటర్ కొత్తగా రాసే అక్షరాలు ఎటు తిప్పినా నిటారుగా ఉంటాయి. బొమ్మలో అచ్చయిన అక్షరాలు బొమ్మతో పాటు తిరుగుతాయి. ఈ ఫొటోలో అన్నీ తలకిందులే. 7:55కి స్క్రీన్ మీదున్నది రాస్టర్. అందులో రాయి తనంతట తాను దాక్కోలేదు. దాన్నెవరో కప్పేశారు. మాస్టారూ, నెల క్రితం తీసేసిన చార్టు ఇవాళ ఎలా వచ్చింది?"

మాస్టారు కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

రాస్టర్ చార్టుకు సవరణలు బొమ్మ ముక్కలుగా వస్తాయి. చొక్కాకు మాసిక వేసినట్టు వాటిని పాత బొమ్మ మీద అతికించాలి. ఈసారి వచ్చిన ముక్క వేరే చార్టుది. చార్టు నంబరులో ఎనిమిదిని ఆయన మూడనుకున్నాడు. దాన్ని తెచ్చి ఈ దారిలోని రాళ్ల మీద అతికించాడు. పొద్దున కబురు తెలియగానే ఫైలు తెరిచి చూసుకున్నాడు. లాంచీ ఎక్కి రాస్టర్‌ను చెరిపేశాడు. ఇదంతా తల ఎత్తకుండా చెప్పాడు.

"రెండో లాంచీలో?"

"అదే అతుకు ఉంది. ఒడ్డుకు రాగానే మారుద్దామనుకున్నాను. పడమర నుంచి చుట్టి వస్తారనుకున్నాను."

"అతుకు కింద ఇంకేమున్నాయి?"

"ఇంకో రెండు రాళ్లు. తూర్పున."

మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. "నేను తూర్పు నుంచి రమ్మన్నాను," అన్నాడు.

1:34. లాంచీ అక్కడికి రావడానికి ఆరు నిమిషాలుంది.

మేనేజర్ వైర్‌లెస్ మైకు అందుకున్నాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. హోరు తప్ప ఏమీ లేదు. మూడోసారీ హోరే. సరంగు కూతురు మైకు లాక్కుంది.

"ఏమండీ, నేను. ఇంజిన్ ఆపండి. ఉన్నచోటే లంగరు వేయండి. ఆ స్క్రీన్‌ని నమ్మకండి."

1:36. 1:37. ఇన్‌స్పెక్టర్ చేయి తానెప్పుడు పట్టుకుందో సరంగు కూతురికే తెలియదు.

హోరు తెగింది. మగగొంతు వినిపించింది.

"ఆపాను. లంగరు దించుతున్నాం. అందరూ క్షేమమే." అదే గొంతు మళ్లీ అడిగింది. "పొద్దున్నుంచీ ఈ వైర్‌లెస్‌లో ఒకటే మాట అంటున్నారు. మామయ్యదే తప్పట. నిజమేనా?"

ఆ చానెల్ మీద పదకొండు పడవలున్నాయి. ఆమె బటన్ గట్టిగా నొక్కింది.

"నాన్న తప్పేమీ లేదండీ," అంది. బటన్ వదలడం మరిచిపోయింది. అప్పుడొచ్చిన ఏడుపు కూడా పడవలన్నిటికీ వినిపించింది.