పథ్యభంగం

తెర మీద ఎర్రగా వెలిగిన తీర్పును సువర్చల మళ్లీ చదివింది. పథ్యభంగం. కాలేయంలో కొవ్వు తగ్గలేదు కాబట్టి ఈ మనిషి చాటుగా తింటోందని, నగరంలో అందరి ఆరోగ్యాన్నీ చూసే యంత్రం దేహపాలిక తేల్చేసింది. సమీక్షకురాలిగా ఆమె చేయాల్సిందల్లా కింద వేలిముద్ర వేయడమే.

ఎదుటి కుర్చీలో పైడితల్లి శాలువా కప్పుకుని ఒదిగి కూర్చుంది. బయట ఎండ మాడ్చేస్తోంది. కొండ మీది కాలనీలకు తీగబండి నడిపే మనిషి. ఈ తీర్పు ఖాయమైతే బండి మీంచి దింపేస్తారు. దేహపాలిక పంపిన కొలతభోజనమే తింటున్నానని, అయినా ఒళ్లు బరువెక్కుతోందని, పొద్దున లేవాలంటే కాళ్లు మొరాయిస్తున్నాయని, దువ్వెన నిండా జుట్టే వస్తోందని చెప్పింది. గొంతు బొంగురుపోయింది.

"దొంగతిండి తిన్నేదమ్మా. ఇంట్లో మా ఆయన కూడా నమ్మట్లేదు."

సువర్చలకు ఒళ్లు మండింది, పైడితల్లి మీద కాదు. వైద్యం చదివినవాళ్లకెవరికైనా ఇది థైరాయిడ్ మందగించడమేమోనని తట్టాలి. ఆ హార్మోను చాలకపోతే కాలేయం కొవ్వును సరిగా ఖర్చు చేయలేదు, పోగేసుకుంటుంది. మనిషి ఎంత కడుపు మాడ్చుకున్నా అది పూర్తిగా దారికి రాదు. కానీ థైరాయిడ్ కంఠవిభాగం సొత్తు. కాలేయ తీర్పుకు కంఠపరీక్ష అనవసరమంది కాలేయవిభాగం. కాలేయవిభాగం కోరందే చేయమంది కంఠవిభాగం. రెండూ ఒకే యంత్రపు నోళ్లు.

పైఅధికారి కామేశం వచ్చి, ఇలాంటి కేసులు బోలెడున్నాయని, ముద్ర వేసి పంపెయ్యమని మెల్లగానే చెప్పాడు.

ఆమె ముద్ర వేయలేదు. అత్యవసర పెట్టెలోంచి సూదీ పరీక్షపట్టీ తీసి, పైడితల్లి రక్తం తానే పరీక్షించింది. అనుమానం నిజమే. థైరాయిడ్ బాగా పడిపోయింది. ఆ ఫలితాన్ని ఎక్కించబోతే దేహపాలిక తిప్పికొట్టింది: అనధికార నమూనా.

ఇక మిగిలింది నియమాక్షేపం. తీర్పును కాదు, తీర్పు చెప్పే నియమాన్నే తప్పుపట్టే హక్కు సమీక్షకులకుంది. ఆక్షేపిస్తే ఆ నియమం కింద పడ్డ తీర్పులన్నీ ఆగిపోతాయి, ఒక్కో మనిషినీ మనుషులే చూడాలి. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ దాని జోలికి పోలేదు.

సువర్చల తెర మూలనున్న ఆ ఆక్షేపం మీట మీద వేలు పెట్టి నొక్కింది.

నగరం మొత్తం మీద తెరల మీంచి పథ్యభంగాలు ఒక్కసారిగా చెరిగిపోయాయి. కామేశం ముఖం పాలిపోయింది. "ఎంతమందిని చూడాలో తెలుసా నీకు?"

"తెలీదు సార్. అందరికీ థైరాయిడే కారణం కాకపోవచ్చు. చూడకుండా దొంగలనకూడదు కదా."

పైడితల్లికి రోజూ పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర రాసిచ్చింది. ఒళ్లు తేలికపడటానికి నెలలు పట్టొచ్చని, కాలేయాన్ని మళ్లీ తానే చూస్తానని చెప్పింది. బయట వరండాలో జనం ఖాళీ తెరల వంక చూస్తూ, ఉండాలో వెళ్లాలో తేలక నిలబడిపోయారు. సువర్చల తలుపు తీసింది. ముందున్న పెద్దాయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, గొంతు మీద చేయి ఆనించి, ఒకసారి గుటక వేయమంది.