తుర్నాజీ పాషా గుమ్మటం

గురువారం పొద్దున టర్కీ సరిహద్దు ఊరు ఎదిర్నె దగ్గర మెరిచ్ నదిలో తాపీమేస్త్రీ యాకూబ్ శవం తేలింది. మెడ చుట్టూ ఇనుప తీగ. తుర్నాజీ పాషా మసీదు గుమ్మటానికి మరమ్మతులు చేసింది అతనే. మర్నాడే మసీదు తిరిగి తెరుస్తున్నారు. శుక్రవారం జుమ్మా నమాజుకు మూడు దేశాల మంత్రులు వస్తున్నారు.

లివర్ వేపుడు కొట్టులో గూఢచారి శాఖ కర్నల్ నెజాత్ రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు. సరిహద్దు అవతలి ముఠా ఒకటి మంత్రుల మీద కన్నేసింది. ఏజెంట్ సాజిత్ రంగులవాడి వేషంలో లోపలికి వెళ్లాలి. అక్కడ మన ఏజెంటే ఉంది: మరమ్మతుల ఆర్కిటెక్ట్ లామియా. కోడ్ వర్డ్ 'తులిప్'. యాకూబ్ శవం ఫొటో పళ్లెం పక్కనే పెట్టి కర్నల్ తింటూనే ఉన్నాడు. సాజిత్ తన పళ్లెం పక్కకు నెట్టాడు.

లామియా పట్టు స్కార్ఫ్ కట్టుకుని, సెంటు గుబాళిస్తూ ఎదురొచ్చింది. గుమ్మటాన్ని మోసే ఎనిమిది స్తంభాలనూ, ఇజ్నిక్ పింగాణీ పలకల మీది ఎర్రపూలనూ కన్నబిడ్డల్లా చూపించింది. బాంబు కోసం అంతా వెతికేశానంది. శుక్రవారం పొద్దున సాజిత్ డిటెక్టర్ కూడా నేలంతా తిరిగి కిక్కురుమనలేదు.

పదకొండున్నరకు నమాజుకు అజాన్ పిలిచే ముసలి ముఅజ్జిన్ హుర్షిత్ గొణుక్కుంటూ కనిపించాడు. ఏమైందని సాజిత్ అడిగాడు.

"నలభై ఏళ్లుగా పిలుస్తున్నా బాబూ. నా గొంతు ఆఖరి వరస దాకా పోయి తిరిగొచ్చేది. వారం నుంచి రావట్లేదు. దుప్పటి కప్పుకుని అరిచినట్టుంది."

"ఎందుకలా?"

"గుమ్మటంలో మట్టి జాడీలు పెట్టి కట్టారు, మూతులు లోపలికి. గొంతును మోసేవి అవే. వాటినెవడో పూడ్చేశాడు."

సాజిత్ మెట్లెక్కి గుమ్మటం అంచు నడవాలోకి పరిగెత్తాడు. తాజా సున్నం గీకితే జాడీ నిండా పసుపు ముద్ద: ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్. పన్నెండు జాడీలు పగలగొట్టాడు. అన్నిట్లోనూ అదే. ప్రతి మూతి మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో నంబరు. లామియా నక్షాల మీద చూసిన చేతిరాతే. తీగలన్నీ కలిసి హుర్షిత్ మైకు స్విచ్ వైపు దిగాయి.

కింద మసీదు నిండిపోయింది. హుర్షిత్ మైకు ముందు నిలబడ్డాడు.

"తాతా, స్విచ్ వెయ్యకు!"

పూడిన గుమ్మటం ఆ కేకను మింగేసింది. హుర్షిత్ వేలు స్విచ్ మీద పడుతుండగా సాజిత్ కటింగ్ ప్లేయర్ మైకు తీగను తెంచింది. మైకు పలకలేదు. ముసలాయన విసుక్కుని, ఉత్త గొంతుతోనే అజాన్ ఎత్తుకున్నాడు.

వాకిట్లో, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వుజూ కొళాయిల దగ్గర లామియా లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. సాజిత్ పిస్టల్ చూసి అద్దం మూసింది.

"నాలుగొందల ఏళ్ల గుమ్మటం ఎలా కూలుతుందో లెక్క కట్టింది నేనొక్కదాన్నే. నీకు అర్థం కాదులే."

"మరి యాకూబ్?"

"మరీ ప్రశ్నలెక్కువ వేశాడు."

సాజిత్ పిస్టల్ దించలేదు. ఆమెకు బేడీలు వేసి, కొళాయి కింద చేతులు మోచేతుల దాకా తోముకున్నాడు. ఆ సెంటు వాసన వదల్లేదు.

అంత బుర్ర జైల్లో కుళ్లిపోతే దేశానికే నష్టమన్నాడు కర్నల్. ముఠా గుట్టు చెప్పినందుకు సోమవారానికల్లా ఆమెకు కొత్త పేరు, కర్నల్ ఆఫీసులోనే నిపుణురాలిగా గది దొరికాయి. చారిత్రక జాడీలు పన్నెండు ఎందుకు పగలగొట్టావంటూ మంగళవారం సాజిత్‌కు నోటీసు వచ్చింది. కింద నిపుణురాలి సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో.