కిరిసావా స్టేషనులో ఆగని రైలు

జపాను దేశపు కొండల్లో కిరిసావా అనే చిన్న స్టేషను ఉంది. దేవదారు దుంగలు మోయడానికి కట్టారు. అడవి తరిగింది, దుంగలు ఆగిపోయాయి. చివరికి ఉద్యోగులనూ తీసేశారు. దిగినవాళ్ళు టికెట్లు వేసే చెక్కపెట్టె ఒక్కటే మిగిలింది.

ఆనాటి నుంచి స్టేషనుకు కీడు పట్టింది. అక్కడి నుంచి కదిలిన రైలు మళ్ళీ ఎక్కడా ఆగలేదు. పొగమంచులో కొండ చుట్టూ తిరుగుతూనే ఉంది. కట్టెలు కొట్టేవాడి కూతురు చిజురు రోజూ ప్లాట్‌ఫారం మీద నిలబడేది. ఆ రైల్లోనే ఉండిపోయిన తల్లి ముఖం మూడో కిటికీలో కనిపించి జారిపోయేది. రోజురోజుకూ ఆ ముఖం పలచబడుతోంది.

నలభయ్యో రోజున చిజురు ఆఖరి స్టేషను మాస్టరు గెంజోను వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళింది. వంతెన దగ్గర తల్లి ఎదురొచ్చి చేతులు చాచింది. చిజురు ముందు నేల చూసింది. బురదలో నక్క అడుగులున్నాయి.

"అందరూ ముఖం చూసి వచ్చి వాటేసుకుంటారు. నువ్వు కాళ్ళు చూశావేం?" అంది తల్లి రూపం ఎత్తిన నక్క.

"ముఖం బాగానే కుదిరిందిలే. దారి వదులు."

నక్క నవ్వి, గెంజో గుడిసె చూపించింది.

గెంజో తలుపు సగమే తీశాడు. "నన్ను పొమ్మన్నారు. అక్కడ నాకేం పని?"

"ఆఖరి రోజు ఏం చేశావు తాతా?"

గెంజో చెప్పాడు. రైలును పంపేముందు పట్టాల వైపు వేలు చాచి, కళ్ళారా చూసి, "దారి ఖాళీ" అని పైకి చెప్పాలి. అది అక్కడి పద్ధతి. ముప్పై ఏళ్ళు చూసి చెప్పాడు. ఆ రోజు కోపంతో చూడకుండా చెప్పాడు. పట్టాల మీద పొగమంచు భూతం పడుకుని ఉంది. రైలు నేరుగా దాని కడుపులోకి పోయింది.

"మా ఊరివాళ్ళు కూడా రైలును విడిపించాలని స్టేషనుకు వచ్చి అదే కేక వేశారుగా?"

"నోటికొచ్చిన మాట కదా, అనేసి ఉంటారు. ఒక్కడైనా చూశాడా?"

చిజురు తిరిగి వచ్చింది. ప్లాట్‌ఫారం చివర నుంచి భూతం గొంతు వినిపించింది.

"నెత్తిన టోపీ అయినా లేదు, నువ్వు స్టేషను మాస్టరువా? సరే పిల్లా, దారి ఖాళీ అను. అదిగో, మీ అమ్మ వస్తోంది."

రైలు కూత వేసింది. పట్టాలు ఖాళీగా మెరుస్తున్నాయి. చిజురు వేలు చాచింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా చూసింది. పట్టాల నడుమ తెల్లగా ఏదో ఊపిరి పీలుస్తోంది.

"దారి ఖాళీగా లేదు. భూతం ఉంది. రైలు ఆగాలి," అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేసరికి భూతం పాత గుడ్డలా చిరిగిపోయింది. రైలు ఆగింది. తల్లి దిగి, టికెట్టు పెట్టెలో వేసి, కూతురిని చూసింది.

"ఇలా చిక్కిపోయావేమే?"

మర్నాడు గెంజో వచ్చి, నడుము వంచి క్షమాపణ అడిగాడు. చిజురు క్షమించలేదు. అతను ఇచ్చిన టోపీ మాత్రం తీసుకుంది.

ఆ స్టేషనులో ఈనాటికీ ఉద్యోగులు లేరు. రైలు వేళకు మాత్రం టోపీ పెట్టుకున్న ఒక మనిషి పట్టాల వైపు వేలు చాచి నిలబడుతుంది. ముందు చూస్తుంది. తరువాతే చెబుతుంది.