ముసురు దరఖాస్తు

గగనపాలిక దరఖాస్తులో ముసురుకు గడి లేదు. వాన, జల్లు, తుంపర, పొడి, అంతే. నూకరత్నం తెర ముందు అరగంట కూర్చుని, విసిగిపోయి, ఆఫీసుకే బయల్దేరింది.

కాకినాడ ఆకాశాన్ని ఋతుయంత్రం నడపబట్టి ముప్ఫై ఏళ్ళు. వాన తెల్లవారకముందే కురిసి ఆగిపోతుంది. ఎవరి పనీ చెడదు. గాల్లో తేమ ఏడాది పొడుగునా ఒక్కటే. అందరికీ సుఖమే, నీటిరంగుల నూకరత్నానికి తప్ప.

ఆమెకు బొమ్మలు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు గోడ మీద చెమ్మ మరకల్లో కొంగలూ పడవలూ కనిపిస్తే వాటినే వేసేది. శ్రావణంలో కాగితం ఎంతకీ ఆరేది కాదు, ఆగే ఓపిక ఆమెకూ లేదు. తడి మీదే రెండో రంగు పెట్టేసేది. ఆకుపచ్చ వెళ్ళి నీలంలో కలిసిపోయేది. ఆ తప్పే పద్ధతై పేరు తెచ్చింది. ఇప్పుడు కుంచె ఎత్తేలోగా కాగితం ఒడియంలా ఎండిపోతోంది. నీళ్ళు చిమ్మే యంత్రం కూడా కొంది. కాగితం తడిసింది గాని బొమ్మ కుదరలేదు. ఎండిపోయింది గాలో, తనో తేల్చుకోవాలి. తనే అయితే కుంచెలు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది.

"ముసురంటే ఏంటండీ?" కౌంటర్లో ఉన్న లాస్య అడిగింది. పాతికేళ్ళ పిల్ల.

"పెద్ద వాన కాదమ్మా. అలాగని ఆగదు. పొద్దున్నించీ సన్నగా పడతానే ఉంటాది. బట్టలారవు, ఎవరూ బయటికెళ్ళరు, ఏ పనీ అవదు."

"పని అవకుండా ఉండటానికి వాన కావాలాండీ?" లాస్య నవ్వింది. కానీ ఆమె మొహం చూసి జాలేసి, 'యంత్ర పరీక్ష' అని రాసి గురువారం పగలంతా ఇచ్చింది. "ఈ ఒక్కసారికేనండి. మళ్ళీ అడిగితే నా ఉద్యోగం పోద్ది."

గురువారం ముసురు పట్టింది. నూకరత్నం కిటికీ పక్కన కాగితం పరిచి, తడిపి, ఆకుపచ్చ కలిపింది. చల్లగాలి వచ్చింది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామని గోడకు చేరగిలబడింది.

లాస్య ఫోనుకి మెలకువ వచ్చేసరికి సాయంత్రపు ఎండ గదిలో ఉంది.

"బొమ్మ అయ్యిందాండీ?"

"లేదమ్మా. నిద్దరోయాను." చెప్పటానికి సిగ్గేసింది. అంత నిద్ర ఎన్నేళ్ళ కిందట పోయిందో ఆమెకు గుర్తు రాలేదు.

అవతల లాస్య ఆవులించింది.

"మా ఆఫీసులో అందరం బల్లల మీదే పడుకుండిపోయామండి. ఊళ్ళో ఎవరూ పనికెళ్ళలేదంట. ఫిర్యాదు కూడా ఒక్కటీ రాలేదు." లాస్య గొంతు తగ్గించింది. "మామ్మగారూ, మళ్ళీ ఎప్పుడు పెట్టమంటారు?"