ఊడింది కాదు, పీకింది

“పన్ను ఇటివ్వండి,” అంది ఆ అమ్మాయి తలెత్తకుండా.

“పన్ను కాదండీ. కాలు.”

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ చిన్న ల్యాబ్‌కి ఎవరైనా పళ్ళ కోసమే వస్తారు. ఇతను మాత్రం జేబురుమాలు విప్పి వేలెడంత రాక్షసుణ్ణి బల్ల మీద పెట్టాడు. గద ఎత్తి, ఒంటికాలి మునివేళ్ళ మీద లేచిన రాక్షసుడు. నిలబడాల్సిన గుండ్రటి దిమ్మ మాత్రం విడిగా ఉంది.

“ఇది బొమ్మల షాపులా ఉందా మీకు?”

“బొమ్మల షాపువాడు జిగురిచ్చాడండీ. నాలుగుసార్లు అంటించా, నాలుగుసార్లూ ఊడింది. ఐదోసారి నేనే అంటుకుపోయా.” తోలు లేచిన రెండు వేళ్ళు చూపించాడు.

ఆమెకి నవ్వొచ్చింది. పెదాలకి మాస్కు ఉంది కానీ కళ్ళకి లేదుగా, అతను చూడనే చూశాడు.

లైబ్రరీలో ఉద్యోగం కాబట్టి అతనికి నోరు మూసుకోవడం బాగా అలవాటు. ఆ రోజు మాత్రం నోరు ఆగలేదు. పోయినేడు పక్షవాతం వచ్చి నాన్నకి కుడి చెయ్యి పడిపోయింది. ఆదివారాలు ముగ్గురు స్నేహితులతో కూర్చుని ఈ బొమ్మల సైన్యాలతో యుద్ధం ఆడటమంటే ఆయనకి ప్రాణం. ఇప్పుడు అలవాటు లేని ఎడమ చేత్తో కదిపితే బొమ్మలు ఊడి పడుతున్నాయి. స్నేహితులు జాలిగా లేపి పెడుతున్నారు. ఆ జాలి ఆట నాకొద్దని ఆయన మానేశాడు. డాక్టరు చెప్పిన వ్యాయామాలూ మానేసి, కుడి చెయ్యి శాలువాలో దాచుకుని కూర్చున్నాడు.

“చెయ్యి సంగతి తర్వాతండీ, మనిషే పడిపోయేలా ఉన్నాడు. నాకు భయంగా ఉంది.”

ఆమె బొమ్మని అందుకుంది.

“కింద ఆనేది నువ్వుగింజంత చోటు. జిగురెంత పోస్తే ఏం లాభం? వేరు లేని పన్ను నిలబడుతుందా?”

పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసే నీలం కాగితాన్ని దిమ్మ మీద పరిచి రాక్షసుడి కాలు నొక్కింది. గుర్తు పడింది. సన్నటి డ్రిల్లుతో పాదంలో ఒక బెజ్జం, గుర్తు దగ్గర దిమ్మలో ఇంకోటి. రెండింటిలోకీ దిగేలా గుండుసూదంత తీగ, దాని చుట్టూ కాస్త జిగురు. గాల్లో తేలుతున్న రెండో కాలి కింద, చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ముద్దతో ఒక బండరాయి చేసిపెట్టింది.

“నేను పెట్టిన పిన్ను ఊడదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“ఐదున్నాయండీ.”

“అన్నీ ఒకేసారి తెచ్చెయ్యండి. ఒక పూటలో అయిపోతాయి.”

తెచ్చాడా? వారానికొకటి చొప్పున తెచ్చాడు. అదేమంటే సంచిలో పట్టవన్నాడు. జేబులో పట్టే బొమ్మలు! ఆమె కూడా తక్కువేం తినలేదు. పావుగంట పనిని గంటన్నర సాగదీసేది.

ఆరోది కూడా అయిపోయింది. “ఇక మీకు నాతో పని లేదు,” అంది. “అవునండీ,” అన్నాడు. అన్ని వేల పుస్తకాల మధ్య తిరిగేవాడికి సమయానికి ఒక్క మాట దొరకలేదు.

నాన్న మాత్రం బొమ్మల్ని ఊపి చూసి, ఈ ఆదివారం ఆడతానని స్నేహితులకి కబురు పెట్టాడు. సంతోషించాల్సిన కొడుకు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

శుక్రవారం సాయంత్రం చూస్తే మొదటి రాక్షసుడు దిమ్మ నుంచి ఊడి పక్కన పడి ఉన్నాడు. ఎల్లుండే ఆట! అతని గుండె గుభేలుమంది. మరుక్షణమే, సిగ్గు లేకుండా గంతేసింది. వానని కూడా లెక్కచెయ్యకుండా ల్యాబ్‌కి పరిగెత్తాడు.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. ముఖం ఎర్రబడింది.

“ఇది ఊడింది కాదు, పీకింది. చీలమండ చుట్టూ కటింగ్‌ప్లేయర్ గాట్లు చూడండి. జారిపోతుంటే పట్టుకున్నట్టు పదిచోట్ల ఉన్నాయి.”

“నేను పీకలేదండీ! ఒట్టు!”

“అయితే రాక్షసుడే పీక్కున్నాడా? అసలు మీ నాన్నగారున్నారా, లేక అదీ కథేనా? ఆరు వారాలుగా ఆయన గురించి ఎంత దిగులుపడ్డానో తెలుసా?”

“పదండి, చూపిస్తా.”

ఒకటే గొడుగు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి నడిచారు.

“తడుస్తున్నారు, దగ్గరికి రండి.”

“అబద్ధాలు చెప్పేవాళ్ళ పక్కన నడిచే కన్నా తడవడం నయం.”

ఇంట్లో శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దాయన ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

“రాక్షసుడి డాక్టరువి నువ్వేనా? రా తల్లీ, కూర్చో.”

ఆమె కోపం సగం అక్కడే చల్లారింది. అయినా బొమ్మని ఆయన ముందు పెట్టింది. “అంకుల్, దీన్ని మీవాడు పీకాడు. పైగా కాదని బుకాయిస్తున్నాడు.”

“వాడికంత తెలివుంటే నాకీ తిప్పలెందుకమ్మా? నేనే పీకా.”

“నాన్నా!”

“ఏంట్రా నాన్నా? వెళ్ళడానికి సాకు లేదు, అడగడానికి నోరు లేదు. నీ ముఖం చూడలేక చచ్చాననుకో. పిన్ను మాత్రం గట్టిగా పెట్టావమ్మా. అరగంట సేపు చెమటలు కక్కించింది.”

కొడుకు బొమ్మ మీది గాట్లు చూశాడు. దిమ్మని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ప్లేయర్‌ని నొక్కడానికి ఇంకో చెయ్యి కావాలి.

“నాన్నా, ప్లేయర్ ఏ చేత్తో పట్టుకున్నావు?”

“అడుగుతావా లేదా అని ఇందాకట్నించీ చూస్తున్నా,” అంటూ పెద్దాయన శాలువాలోంచి కుడి చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి, మెల్లగా తెరుచుకున్నాయి. “ఎడమ చేత్తో కుదర్లేదురా. చిరాకేసి దీంతో ప్రయత్నించా. జారింది, జారింది, తర్వాత పట్టేసింది.”

ఏడాదిగా మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగిపోయి, కొడుకు నాన్న పక్కన కూలబడి ఏడ్చేశాడు. ఏడుస్తూనే ఆమె వైపు తిరిగాడు.

“మీరంటే నాకు చాలా ఇష్టమండీ. బొమ్మ లేకుండా కూడా రావచ్చా?”

“ఆ మాట మొదటి వారమే అడిగుంటే పాపం ఈ రాక్షసుడికి గాట్లు పడేవా?” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “రండి. బొమ్మ లేకుండానే రండి.”

పెద్దాయన ఆమె చెయ్యి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఆ రెండింటినీ తన కుడి చేత్తో పట్టుకుని, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు.

“నొప్పిగా ఉందా అమ్మా?” అని ఆశగా అడిగాడు.

“చాలా నొప్పిగా ఉంది అంకుల్,” అంది ఆమె.