సైమీ పేరు చెక్కిన చెట్టు

ఇది చిన్న కథే. కప్పులో కాఫీ చల్లారేలోపు చెప్పేయొచ్చు. కౌకో తన అడవిలో చెట్లు పలచన చేయబోయి, కొట్టకూడని చెట్టు కొట్టాడు. అంతే.

అయితే కౌకో ఎంత నెమ్మదో చెప్పకపోతే అన్యాయం. మా ఊళ్ళో కొట్టు నడిపే ఆర్మస్ ఉన్నాడు కదా, ఉప్పు అడిగితే అతను వెతికి తెచ్చేలోపు ఇంట్లో చప్పిడి కూర తినేసి పడుకుంటారు. అలాంటి ఆర్మస్ కూడా కౌకోని చూసి విసుక్కుంటాడు. మొదటి భార్య పోయాక, లెంపిని చేసుకోవాలా వద్దా అని కౌకో ఏళ్ళ తరబడి ఆలోచించాడు. లెంపి అన్నాళ్ళు ఎందుకు కాచుక్కూర్చుందా అని ఊరు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది.

మొదటి భార్య పేరు సైమీ. ఇంటి వెనక పైన్ చెట్లన్నీ ఆవిడ నాటినవే. మొక్కకీ మొక్కకీ మధ్య బారెడు జాగా వదలమని అందరూ చెప్తే, అందులో సగం కూడా వదల్లేదు. "చలికి ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉంటాయి," అందిట. అవి పెద్దయ్యాక కూడా ఒక్కదాని మీద గొడ్డలి పడనివ్వలేదు. ఆవిడకి ఇంకో అలవాటుండేది. ఎవరింట్లో కాఫీ తాగినా కప్పు తనే కడిగి, సాసర్లో బోర్లించి, పైన చెంచా అడ్డంగా పెట్టేది. ఇంట్లోవాళ్ళు లేనప్పుడు వచ్చి వెళ్ళినా, ఆ కప్పు చూసి సైమీ వచ్చిందని తెలుసుకునేవాళ్ళు.

ఆవిడ పోయినప్పుడు మా పాత పద్ధతిలోనే సాగనంపారు. శవపెట్టెను చర్చి శ్మశానానికి తీసుకెళ్తూ, ఆ తోటలోంచే పోయే దారి పక్కన ఒక పైన్ చెట్టు దగ్గర ఆగారు. కింది కొమ్మలు నరికి, బెరడు చెక్కి, సిలువా పేరూ చనిపోయిన సంవత్సరమూ గీశారు. దాన్ని కర్సిక్కో అంటాం. గుర్తు శ్మశానం వైపే ఉండాలి. పోయినవాళ్ళు ఇంటి మీద బెంగతో లేచి వస్తే, అక్కడ తమ పేరు చదువుకుంటారు. చచ్చిపోయామన్న సంగతి గుర్తొస్తుంది. వెనక్కి మళ్ళుతారు.

తర్వాత్తర్వాత తోట చిక్కబడిపోయింది. వెలుతురందక అన్ని చెట్లకీ కింది కొమ్మలు ఎండి రాలిపోయాయి. ఇంటివైపు నుంచి చూస్తే సైమీ చెట్టూ అంతే, పక్క చెట్టూ అంతే. అన్నీ బోడి మానులే.

"ఈసారి మంచు బరువుకి సగం విరిగిపోతాయి," అని లెంపి పోరుపెట్టేది. "అంత ఇరుకులో ఒకటి బతకాలంటే పక్కది పోవాలి, కౌకో."

"సైమీకి ఇష్టముండదు."

"ఇల్లు నాది, పొయ్యి నాది, మొగుడు నావాడు. చెట్లు మాత్రం ఇంకా ఆవిడవేనా?"

నవంబరులో ఒక పొద్దున కౌకో మోటారు రంపం భుజాన వేసుకుని కదిలాడు. లెంపి రోజంతా ఆ చప్పుడు వింటూ పని చేసుకుంది. చెట్టు పడ్డప్పుడల్లా ఇంటి కిటికీ సన్నగా అదిరేది. మధ్యాహ్నం షెడ్డులో కట్టెలు పేర్చి లోపలికొచ్చేసరికి, బల్ల మీద కప్పు కడిగి బోర్లించి ఉంది. పైన చెంచా అడ్డంగా ఉంది. కౌకో వచ్చి కాఫీ తాగి వెళ్ళాడనుకుంది. మొదటి పెళ్ళాం నేర్పిన బుద్ధులు ఎక్కడికి పోతాయిలే అని తిట్టుకుంటూ కప్పు తీసి లోపల పెట్టింది.

రంపం చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని అప్పుడు గమనించింది.

వెలుగు తగ్గుతుండగా కౌకో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒంటి నిండా పైన్ బంక వాసన.

"సైమీ చెట్టు కొట్టేశాను, లెంపీ. పడ్డాక తిప్పి చూస్తే సిలువ కనబడింది. ఏం చెయ్యాలో తోచక ఇంతసేపూ దాని మీదే కూర్చున్నాను."

లెంపి లాంతరు వెలిగించింది, గొడ్డలి తీసుకుంది. "చీకటి పడకముందే ఇంకో చెట్టుకి గుర్తు పెడదాం. పద."

దారి పక్కనే మిగిలిన ఒక చెట్టు చూసుకున్నారు. కౌకో బెరడు చెక్కాడు. సిలువ గీశాడు, సైమీ పేరు గీశాడు, సంవత్సరం గీశాడు. శ్మశానం వైపే గీశాడు, పొరపాటేమీ చెయ్యలేదు. ఇద్దరూ చెట్టుకి ఇవతల, ఇంటివైపు, దుంగల పోగు వెనక కూర్చున్నారు. ఆవిడ వస్తుందో లేదో, వస్తే మళ్ళుతుందో లేదో చూసి గాని ఇంట్లో పడుకోలేనంది లెంపి. లాంతరు ఆర్పేశారు.

చీకటి చిక్కబడింది. గాలి లేదు. కొట్టిన మొద్దుల్లోంచి పచ్చి వాసన లేస్తోంది. ఎక్కడో సరస్సు మీద మంచు పలక బిగుసుకుంటూ మూలిగింది. లెంపి కౌకో చెయ్యి పట్టుకుంది. అతని మందపాటి చేతితొడుగు చలికి బిర్రబిగిసి ఉంది.

"మధ్యాహ్నం కాఫీకి వచ్చినవాడివి నన్నొక్క కేక వెయ్యకూడదూ?" అని గుసగుసలాడింది.

"నేనెప్పుడొచ్చాను? పొద్దున్నించీ అడవిలోనే ఉన్నాను."

"కప్పు కడిగి..."

అడుగుల చప్పుడు. మెల్లగా... ఎండుకొమ్మల మీద... శ్మశానం వైపు నుంచి కాదు.

వెనక నుంచి. ఇంటి వైపు నుంచి.

లెంపి గట్టిగా కళ్ళు మూసుకుంది. అడుగులు దగ్గరకొచ్చాయి. తన వంటింట్లో కాచిన కాఫీ వాసన వచ్చింది. అడుగులు ఆగాయి... ఆమె పక్కన కాదు. కౌకో పక్కన.

"పొయ్యి ఆర్పి వచ్చాను," అందొక ఆడగొంతు, నింపాదిగా. "ఇంక పద."

"ఆఁ... వస్తున్నా," అన్నాడు కౌకో. పెళ్ళాం పిలిస్తే మొగుడు ఎలా పలుకుతాడో అలాగే పలికాడు. లెంపి పిలిస్తే అతను ఎప్పుడూ అలా పలకలేదు.

లెంపి చెయ్యి బిగించింది. చేతిలో తొడుగు మిగిలింది. లోపల చెయ్యి లేదు.

ఇంటికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలీదు. పొయ్యి చల్లగా ఉంది. బూడిద కూడా ఎత్తేసి ఉంది.

మర్నాడు వెతకడానికి మనుషులు బయల్దేరేలోపే కౌకో కనబడ్డాడు. బతికే ఉన్నాడు. శ్మశానం వైపు నుంచి బాటన నడిచొస్తున్నాడు. కొత్త చెట్టు దగ్గర ఆగాడు. తన చేత్తో చెక్కిన అక్షరాలు తనే చదివాడు. ఏదో మర్చిపోయింది గుర్తొచ్చినట్టు తలూపి, వెనక్కి తిరిగాడు. లెంపి పిలిచింది. ఆర్మస్ చెయ్యి పట్టి లాగాడు. చెట్టు దాటించలేకపోయాడు. సైమీ వెంట వెళ్ళినవాడికీ ఆ గుర్తు పడుతుందని ఎవరికి తెలుసు? డాక్టరు చూసి మనిషి దుక్కలా ఉన్నాడన్నాడు. అప్పట్నించీ కౌకో చెట్టుకి అవతల, సరస్సు ఒడ్డున ఆవిరి స్నానాలకి కట్టుకున్న సౌనా గదిలో ఉంటున్నాడు. ఆ చలికాలం అంత మంచు పడినా తోటలో ఒక్క చెట్టూ విరగలేదు. పలచన చేసే పని మాత్రం బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి.

"ఆ చెట్టు కొట్టేస్తే సరి, నీ మొగుడు ఇంటికొచ్చేస్తాడు," అన్నాడు ఆర్మస్ కొట్టులో.

"వస్తాడు. ఒక్కడే వస్తాడా?" అంది లెంపి. కొట్టులో ఉన్నవాళ్ళందరూ హఠాత్తుగా సామాను ధరలు చూసుకోవడం మొదలుపెట్టారు.

చలికాలం గడిచాక లెంపికి ఒంటరితనం భయాన్ని మించిపోయింది. గొడ్డలి తీసుకుని చెట్టు దగ్గరకెళ్ళింది. అవతల కౌకో వచ్చి నిలబడ్డాడు.

"ఇది కొట్టేస్తాను, కౌకో. ఏమైతే అదైంది. ఇంటికి వచ్చెయ్యి."

"వద్దులే, లెంపీ," అన్నాడు నెమ్మదిగా. "మేం ఇక్కడ బాగానే ఉన్నాం."

లెంపి గొడ్డలి తెచ్చి షెడ్డులో పెట్టేసింది. ఇప్పుడు రోజూ ఫ్లాస్కులో కాఫీ పోసి, రెండు కప్పులు, రెండు సాసర్లు చెట్టు మొదట్లో పెట్టి వస్తుంది. సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటుంది. ఒక కప్పు అడుగున మడ్డితో, ఎక్కడ పడితే అక్కడ దొర్లుతూ ఉంటుంది. రెండోది కడిగి సాసర్లో బోర్లించి ఉంటుంది. దాని మీద చెంచా అడ్డంగా ఉంటుంది.

లెంపి ఏనాడూ చెంచా పట్టుకెళ్ళలేదు.